రిపోర్టులోని వైద్య పదాలను విడదీసి చదవడం ఎలా? పొట్ట, గుండె, నరాల జబ్బుల పేర్లకు సమగ్ర మార్గదర్శి

స్కానింగ్ రిపోర్టు చేతికి రాగానే చాలామంది చేసే పని ఒకటే. అందులో అన్నిటికంటే పొడుగ్గా కనిపించే పదాన్ని ఫోన్‌లో వెతుకుతారు. మూడో ఫలితంలోనో నాలుగో ఫలితంలోనో క్యాన్సర్ అన్న మాట కంటబడుతుంది. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. తీరా చూస్తే ఆ పదం 'హెపటోమెగాలీ'. కాలేయం ఉండాల్సినదానికంటే కాస్త పెద్దగా ఉంది అనడం తప్ప అందులో ఇంకేమీ లేదు. ఎందుకు పెద్దదయిందో ఆ పదం చెప్పదు.

ఈ పదాల్లో ఎక్కువ భాగం గ్రీకు, లాటిన్ ముక్కలను అతికించి తయారుచేసినవే. బళ్లో సంధులు విడదీసినట్టు వీటినీ విడదీయొచ్చు. వందల పదాలు బట్టీ పట్టనక్కర్లేదు, ఓ నలభై ముక్కలు తెలిస్తే చాలు. చదివే పద్ధతి మాత్రం తిరగేసి ఉండాలి. ముందు పదం తోక చూడండి, తర్వాత మధ్యలో ఉన్న అవయవం పేరు, చివరగా తల.

మొదటి మెట్టు: తోక ఏం చెబుతోంది?

జరిగింది వాపా, నొప్పా, గడ్డా, ఆపరేషనా అన్నది తోకే చెబుతుంది. అందరికీ ఎదురయ్యే తోక 'ఐటిస్'. దాని అర్థం వాపు, మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్. దీన్ని ఇన్‌ఫెక్షన్ అనుకోవడం మనలో బాగా పాతుకుపోయిన పొరపాటు. గ్యాస్ట్రైటిస్ బ్యాక్టీరియా వల్ల రావచ్చు, నొప్పి మాత్రలు ఎక్కువగా వాడినా రావచ్చు, మద్యం వల్లా రావచ్చు. కాబట్టి 'ఐటిస్' కనబడగానే యాంటీబయాటిక్ రాయలేదేమిటని డాక్టరు మీద అనుమానం పెట్టుకోవద్దు.

భయపెట్టే తోక 'ఓమా'. ఇది గడ్డకు గుర్తు, కానీ ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. కాలేయం స్కానింగ్‌లో తరచూ కనిపించే హెమాంజియోమా రక్తనాళాల ముద్ద, దానివల్ల సాధారణంగా ఏ హానీ ఉండదు. హెమటోమా అంటే దెబ్బ తగిలినప్పుడో రక్తనాళం చిట్లినప్పుడో ఒకచోట చేరిన రక్తం. కార్సినోమా మాత్రం క్యాన్సరే.

'ఓసిస్' ఒక స్థితిని చెబుతుంది: ఫైబ్రోసిస్ మచ్చ కట్టడం, స్టెనోసిస్ సన్నబడిపోవడం, థ్రాంబోసిస్ రక్తనాళంలో గడ్డకట్టడం. 'పతీ' అంటే జబ్బు, 'ఆల్జియా' అంటే నొప్పి, 'మెగాలీ' అంటే పెద్దదవడం, 'ఈమియా' వస్తే రక్తానికి సంబంధించిన మాట.

చేసిన పనిని చెప్పే తోకలు వేరు. పెద్దపేగునే తీసుకుందాం. కొలనోస్కోపీ అంటే గొట్టం పంపి లోపల చూడటం. కొలెక్టమీ అంటే పేగును లేదా అందులో కొంత భాగాన్ని కోసి తీసేయడం. కొలోస్టమీ అంటే పొట్ట మీద దారి చేసి పేగును బయటికి తెరవడం. అవయవం ఒకటే, తోక మారితే రోగి జీవితమే మారిపోతుంది. అంగీకార పత్రం మీద సంతకం పెట్టేముందు ఈ తోకను రెండుసార్లు చదవండి.

రెండో మెట్టు: ఏ అవయవం?

'గ్యాస్ట్రో' జీర్ణాశయం, 'ఎంటెరో' పేగు, 'కోలో' పెద్దపేగు, 'హెపటో' కాలేయం, 'కోలి' పిత్తం, 'స్ప్లీనో' ప్లీహం. 'కార్డియో' గుండె, 'మయో' కండరం, 'యాంజియో' లేదా 'వాస్క్యులో' రక్తనాళం, 'థ్రాంబో' గడ్డకట్టిన రక్తం. 'న్యూరో' నాడి, 'ఎన్‌సెఫలో' మెదడు, 'మైలో' వెన్నుపాము, 'మెనింజో' మెదడు చుట్టూ ఉండే పొరలు. 'మైలో' ఎముక మజ్జకూ వాడతారు కాబట్టి అక్కడ సందర్భం చూసుకోవాలి.

ఇక్కడ మన భాషతో వచ్చే చిక్కొకటి ఉంది. తెలుగులో 'నరం' అంటే నాడి, సిర, ధమని అన్నీ. సెలైన్ పెట్టడానికి 'నరం దొరకడం లేదు' అంటే అది సిర. 'మెదడులో నరం చిట్లింది' అంటే రక్తనాళం. 'నడుం దగ్గర నరం నొక్కుకుంది' అంటే నిజంగా నాడి. మూడూ మూడు వేర్వేరు సంగతులు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు 'రక్తనాళమా, నాడా?' అని ఒక్క మాట అడిగితే సగం గందరగోళం పోతుంది.

మూడో మెట్టు: తల

'హైపర్' ఎక్కువ, 'హైపో' తక్కువ. 'టాకీ' వేగం, 'బ్రాడీ' నెమ్మది. 'డిస్' ఇబ్బంది, 'ఎ' లేదా 'అన్' లేకపోవడం. 'ఎండో' లోపలి పొర, 'పెరి' చుట్టూ. గుండెకు ఇవి తగిలిస్తే ఎండోకార్డైటిస్ లోపలి పొరకు, మయోకార్డైటిస్ కండరానికి, పెరికార్డైటిస్ పైనున్న సంచికి వచ్చిన వాపు. ఇక 'అక్యూట్' అంటే ఈమధ్య హఠాత్తుగా మొదలైనది, 'క్రానిక్' అంటే చాలాకాలంగా ఉన్నది. ఈ రెండూ తీవ్రతను చెప్పవు. అక్యూట్ జబ్బు చిన్నదై ఉండొచ్చు, క్రానిక్ జబ్బు ప్రాణాంతకం కావచ్చు. తీవ్రతకు మైల్డ్, మోడరేట్, సివియర్ అని వేరే మాటలున్నాయి.

పొట్ట దగ్గర పదాలు

మనం 'కడుపునొప్పి' అనేస్తాం. డాక్టరుకు ఆ కడుపులో జీర్ణాశయం, పేగులు, పిత్తాశయం, క్లోమం, అపెండిక్స్ ఇన్ని ఉన్నాయి. అందుకే రిపోర్టులో ఎపిగ్యాస్ట్రిక్ అని కనిపిస్తే రొమ్ము ఎముకకు దిగువన, బొడ్డుకు పైన మధ్యభాగం అని, ఆర్‌ఐఎఫ్ అని ఉంటే కుడివైపు పొత్తికడుపు మూల అని అర్థం చేసుకోండి. అపెండిసైటిస్ నొప్పి చాలామందిలో చివరికి అక్కడికే చేరుతుంది.

'గుండెల్లో మంట' అని మనం చెప్పేది చాలావరకు గుండెకు సంబంధించినది కాదు. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి తన్ని అన్నవాహికను కాల్చడం అది. అదే పనిగా వస్తుంటే గ్యాస్ట్రో ఈసోఫేజియల్ రిఫ్లక్స్ డిసీజ్, క్లుప్తంగా జీఈఆర్‌డీ అని రాస్తారు. పెప్టిక్ అల్సర్ అంటే జీర్ణాశయం లేదా చిన్నపేగు మొదటి భాగపు లోపలి గోడకు పడిన పుండు. దీనికి కారణం టెన్షన్, కారం అని చాలాకాలం నమ్మారు. బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా వైద్యులు హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా పాత్రను బయటపెట్టారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగి గ్యాస్ట్రైటిస్ తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఎండోస్కోపీ కాగితం చివర 'ఆర్‌యూటీ పాజిటివ్' అని ఉంటే ఆ బ్యాక్టీరియా ఉన్నట్టే. ఇక్కడ మాత్రం యాంటీబయాటిక్స్ కోర్సు తప్పదు, మధ్యలో ఆపకూడదు కూడా.

ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్), ఐబీడీ (ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్) ఒక్క అక్షరం తేడాతో ఉన్న రెండు వేర్వేరు లోకాలు. ఐబీఎస్‌లో నొప్పి, విరేచనాల తేడా నిజంగానే ఉంటాయి కానీ స్కోపీలో పేగు మామూలుగానే కనిపిస్తుంది. ఐబీడీలో పేగుకు వాపు, పుండ్లు ఉంటాయి. క్రోన్స్ డిసీజ్, అల్సరేటివ్ కొలైటిస్ ఈ గుంపులోవి.

పిత్తాశయం పదాలు విడదీసే పద్ధతికి మంచి సాధన. కోలిలిథియాసిస్: కోలి పిత్తం, లిథ్ రాయి, అంటే పిత్తాశయంలో రాళ్లు. కోలిసిస్టైటిస్: సిస్ట్ సంచి, ఐటిస్ వాపు, అంటే ఆ సంచికే వాపు. కోలిసిస్టెక్టమీ: ఆ సంచిని తీసేయడం. కోలిడోకోలిథియాసిస్ పలకడానికి నోరు తిరగదు గానీ తెలుసుకోవాల్సిన పదమే. రాయి సంచి దాటి పైత్యరసం పేగులోకి వెళ్లే ప్రధాన నాళంలో ఇరుక్కుందని దానర్థం. కామెర్లు, క్లోమం వాపు దానివల్ల రావచ్చు కాబట్టి దీన్ని వాయిదా వేయకూడదు. మొదటి పదం ఒక్కటే ఉండి, ఏ బాధా లేకపోతే చాలామందికి ఆపరేషన్ అవసరమే రాదు.

ఫ్యాటీ లివర్ దగ్గర రెండు కొలతలు కలిసిపోతాయి. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 1, 2, 3 అని రాసేది కొవ్వు ఎంత కనిపిస్తోందన్న అంచనా. ఎఫ్0 నుంచి ఎఫ్4 వరకు రాసేది కాలేయం ఎంత మచ్చ కట్టిందన్న లెక్క. ఎఫ్4 అంటే సిర్రోసిస్. 'గ్రేడ్ 1 కదా' అని ధీమాగా ఉన్నవాళ్లు రెండో లెక్క గురించి కూడా అడగాలి, ఎందుకంటే కాలేయం ముందుముందు ఎలా ఉంటుందో చెప్పేది ఎక్కువగా అదే. 2023 నుంచి ఈ జబ్బుకు కొత్త పేరు పెట్టారు, క్లుప్తంగా ఎంఏఎస్‌ఎల్‌డీ. పాత కాగితాల్లో ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ అని ఉండి ఇప్పుడు ఇలా వస్తే కొత్త జబ్బు వచ్చిందని కంగారు పడకండి.

హెమటెమెసిస్ రక్తపు వాంతి, మెలీనా తారులా నల్లగా జిగటగా వచ్చే మలం. ఐరన్ మాత్రలు వేసుకునేవారికీ మలం నల్లబడుతుంది, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. రక్తపు వాంతి అయినా, మాత్రలేవీ లేకుండా మలం ఇలా వచ్చినా ఇంట్లో కూర్చుని పదాలు విడదీయకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

గుండె దగ్గర పదాలు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. హార్ట్ ఎటాక్, కార్డియాక్ అరెస్ట్, హార్ట్ ఫెయిల్యూర్ మూడింటినీ వార్తల్లో కూడా ఒకటిగా కలిపేస్తుంటారు.

హార్ట్ ఎటాక్‌కు కాగితం మీద పేరు మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్, ఎంఐ. మయో కండరం, కార్డియం గుండె, ఇన్‌ఫార్క్షన్ అంటే రక్తం అందక ఆ భాగం చచ్చిపోవడం. ఇది రక్తనాళానికి అడ్డం పడటం వల్ల వచ్చేది. మనిషి మాట్లాడుతూనే ఉండొచ్చు, నడిచి ఆసుపత్రికి రావచ్చు కూడా. కార్డియాక్ అరెస్ట్‌లో గుండె రక్తాన్ని నెట్టడమే ఆగిపోతుంది. మనిషి కుప్పకూలిపోతాడు, నాడి అందదు. అక్కడికక్కడే ఛాతీ మీద నొక్కుతూ సీపీఆర్ చేయాలి. హార్ట్ ఎటాక్ ముదిరి అరెస్ట్‌కు దారి తీయవచ్చు, కానీ రెండూ ఒకటి కాదు. ఇక హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కానే కాదు. శరీరానికి కావలసినంతగా పంపు చేయలేకపోవడం అది. ఆ పేరు పెట్టినవాళ్లు రోగుల గురించి కాస్త ఆలోచించి ఉంటే బాగుండేది. ఆయాసం, కాళ్లలో నీరు చేరడంతో ఏళ్ల తరబడి మందుల మీద బతికేవాళ్లు ఎందరో ఉన్నారు.

ఇస్కీమియా అంటే రక్తం చాలకపోవడం, ఇంకా కండరం చావలేదు. దానివల్ల వచ్చే ఛాతీనొప్పి యాంజైనా. ఎంఐలో స్టెమీ అని ఉంటే ఈసీజీలో ఎస్‌టీ అనే గీత పైకి లేచిందని, సాధారణంగా నాళం పూర్తిగా మూసుకుపోయిందని అర్థం. దాన్ని నిమిషాల లెక్కన తెరవాలి. ఎన్‌స్టెమీలో ఆ గీత అలా లేవదు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పెరగడం బట్టి పట్టుకుంటారు. 'ఎన్' ఉందని చిన్నది అనుకోకూడదు.

'బ్లాక్' అన్న మాట కూడా జంట అర్థాలతో తిప్పలు పెడుతుంది. గుండెలో బ్లాకులున్నాయి అని మనం అనుకునేది రక్తనాళాల్లోని అడ్డంకులు, అది కరొనరీ ఆర్టరీ డిసీజ్, సీఏడీ. ఎస్‌వీడీ, డీవీడీ, టీవీడీ అంటే ఒకటి, రెండు, మూడు నాళాలు. ఈసీజీ మీద హార్ట్ బ్లాక్, బండిల్ బ్రాంచ్ బ్లాక్ అని కనిపించేది మాత్రం గుండెలోని కరెంటు దారిలో అంతరాయం. ఒకదానికి స్టెంట్ ఉంటుంది, ఇంకోదానికి అవసరమైతే పేస్‌మేకర్. అలాగే యాంజియోగ్రామ్ పరీక్ష, యాంజియోప్లాస్టీ చికిత్స. తోకలు చూడండి: 'గ్రామ్' అంటే బొమ్మ తీయడం, 'ప్లాస్టీ' అంటే సరిచేయడం. కాగితం మీద పీటీసీఏ అని ఉంటే యాంజియోప్లాస్టీయే. సీఏబీజీ అంటే బైపాస్ సర్జరీ.

ఎకో (గుండె అల్ట్రాసౌండ్) రిపోర్టులో అందరూ చూసే అంకె ఎజెక్షన్ ఫ్రాక్షన్, ఈఎఫ్. ఎడమ జఠరిక (గుండె కింది ఎడమ గది) నిండా ఉన్న రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత శాతం బయటికి పోతోందో ఇది చెబుతుంది. 60% అని ఉంటే 40% గుండె పాడైందనుకుని ఏడ్చేవాళ్లుంటారు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా మొత్తం నెట్టేయదు, సుమారు 50 నుంచి 70 మధ్య మామూలే. 40 లేదా అంతకంటే తగ్గితే పంపింగ్ తగ్గినట్టు లెక్క. అలాగని ఈఎఫ్ బాగుంటే హార్ట్ ఫెయిల్యూర్ లేదని కాదు. గుండె బిగుసుకుపోయి సరిగ్గా నిండకపోయినా ఫెయిల్యూర్ వస్తుంది.

అదే కాగితంలో 'నో ఆర్‌డబ్ల్యూఎంఏ' అని ఉంటే సంతోషించండి, గుండె గోడలన్నీ సమంగా కదులుతున్నాయి. 'ట్రివియల్ టీఆర్' అంటే ఒక కవాటం దగ్గర రవ్వంత రక్తం వెనక్కి రావడం, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కనిపిస్తుంది. 'గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్' వయసు మీదపడిన వాళ్లలో సర్వసాధారణం. 'ఎల్‌వీహెచ్' అంటే ఎడమ జఠరిక గోడ మందం కావడం. చాలాసార్లు అది ఏళ్లుగా బీపీని పట్టించుకోలేదని గుండె రాసిచ్చిన సాక్ష్యం, ఆ పదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

గుండె వేగం నిమిషానికి 100 దాటితే టాకీకార్డియా, 60 కంటే తగ్గితే బ్రాడీకార్డియా. బాగా వ్యాయామం చేసేవాళ్లలో 60 లోపు ఉండటం మామూలే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఏఎఫ్, అంటే పైగదులు సమంగా కొట్టుకోకుండా వణుకుతున్నాయి. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు ఎగిరిపోయే ప్రమాదం ఉంది కాబట్టి చాలామందికి రక్తం పలచబరిచే మందులు ఇస్తారు.

మెదడు, నాడుల దగ్గర పదాలు

పక్షవాతం అని మనం అనేది కాలు, చెయ్యి పడిపోవడాన్ని చూసి. డాక్టర్లు మెదడులో జరిగినదానికి స్ట్రోక్ లేదా సీవీఏ అని, బయటికి కనిపించేదానికి వేరే పేరు రాస్తారు. 'ప్లీజియా' పూర్తిగా పడిపోవడం, 'పెరెసిస్' బలం తగ్గడం. 'హెమి' ఒక పక్క, 'పారా' రెండు కాళ్లు, 'క్వాడ్రి' కాళ్లు చేతులు నాలుగూ. నిన్న హెమిప్లీజియా అని రాసి ఇవాళ హెమిపెరెసిస్ అని రాశారంటే రోగి కోలుకుంటున్నట్టు.

స్ట్రోక్‌లో ఇస్కీమిక్ అంటే నాళం మూసుకుపోయింది, హెమరేజిక్ అంటే చిట్లింది. రెండింటి వైద్యం దాదాపు ఎదురెదురుగా ఉంటుంది. అందుకే ముందు సీటీ తీస్తారు. మూసుకుపోయినదైతే లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు అవకాశం ఉంటుంది. 'చివరిసారి మనిషి బాగా ఉన్నది ఎప్పుడు?' అని పదే పదే అడిగేది ఈ లెక్క కోసమే. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా గంట తర్వాత చూద్దామనుకోకూడదు. లక్షణాలు వాటంతటవే తగ్గిపోతే దాన్ని టీఐఏ అంటారు, అదీ అదే రోజు చూపించుకోవాల్సిన హెచ్చరికే. మూతి వంకరలో ఇంకో పదం బెల్స్ పాల్సీ. అది ముఖానికి వెళ్లే నాడికి వచ్చే సమస్య, ఆ పక్క నుదురు కూడా ముడతపడదు. స్ట్రోక్‌లో సాధారణంగా నుదురు కదులుతుంది. ఈ తేడాను తేల్చే పని మాత్రం డాక్టరుకే వదిలేయండి.

ఒకేలా వినిపించే రెండు పదాలు ఇక్కడే దొరుకుతాయి. డిస్‌ఫేజియా మింగలేకపోవడం, డిస్‌ఫేసియా భాష తడబడటం. ఆ ఒక్క అక్షరం తారుమారైతే మింగలేని మనిషికి నోటితో అన్నం పెట్టేస్తారు. ఎఫేసియా అంటే మాటలు దొరకకపోవడం లేదా ఎదుటివాళ్ల మాట అర్థం కాకపోవడం. డిసార్థ్రియాలో మాటలు తెలుసు, నోరు తిరగదు.

'కళ్లు తిరుగుతున్నాయి' అన్న ఒక్క మాటను డాక్టరు మూడుగా విడగొడతారు. గది గిర్రున తిరిగినట్టుంటే వెర్టిగో. చీకట్లు కమ్మి పడిపోబోతే ప్రీసింకోపీ, స్పృహ తప్పి పడిపోయి కాసేపటికి లేస్తే సింకోపీ. సింకోపీకి కారణం తరచూ మెదడులో కాదు, గుండెలోనో బీపీలోనో ఉంటుంది. మీరు ఏది జరిగిందో వివరంగా చెబితేనే సరైన పరీక్ష రాస్తారు.

సీజర్ అంటే ఒక్కసారి వచ్చిన ఫిట్స్. ఎపిలెప్సీ అంటే మళ్లీ మళ్లీ వచ్చే ధోరణి. జ్వరంతోనో, షుగర్ పడిపోయో ఒకసారి ఫిట్స్ వస్తే ఎపిలెప్సీ అనరు. న్యూరోపతి నాడి జబ్బు, షుగరున్నవాళ్లలో అరికాళ్ల తిమ్మిర్లు, మంటలతో మొదలవుతుంది. న్యూరాల్జియా నాడి దారి పొడవునా వచ్చే నొప్పి. రాడిక్యులోపతి అంటే వెన్ను దగ్గర నాడి మొదలు నొక్కుకుపోవడం, సయాటికా దీని చుట్టమే. ఎన్‌సెఫలైటిస్ మెదడు వాపు, ఎన్‌సెఫలోపతి మెదడు పనితీరు మందగించడం. రెండోదానికి మూలం ఎక్కడో ఉండొచ్చు, హెపాటిక్ ఎన్‌సెఫలోపతిలో అది కాలేయం.

ఐసీయూ కాగితాల మీద జీసీఎస్ అనే అంకె ఉంటుంది. 1974లో గ్లాస్గోలో తయారైన స్పృహ కొలత ఇది. కళ్లు, మాట, కదలిక మూడింటినీ కలిపి లెక్కిస్తారు. పూర్తి మెలకువకు 15, అట్టడుగు 3. సున్నా అనేది లేదు.

మాట ఒకటి, అర్థం ఇంకొకటి

'అన్‌రిమార్కబుల్' అంటే అంతా మామూలుగా ఉంది. 'నెగెటివ్' అంటే వెతికినది దొరకలేదు, అది మంచి కబురు. 'ఇడియోపతిక్' అంటే కారణం తెలియదు. 'ఎసెన్షియల్ హైపర్‌టెన్షన్' అంటే ఉండాల్సిన బీపీ కాదు, వేరే ఏ జబ్బు వల్లా రాని బీపీ. 'కె/సి/ఒ' పక్కన రాసేవి పాత జబ్బులు, 'ఎస్/పీ' పక్కన రాసేవి ఇంతకుముందు జరిగిన చికిత్సలు. పేరుకు ముందు ప్రశ్నార్థకం ఉంటే అది అనుమానమే, నిర్ధారణ కాదు. 'క్లినికల్ కోరిలేషన్' కావాలని ఉంటే బొమ్మ ఒక్కటి చూసి తేల్చలేం, రోగిని చూసిన డాక్టరు తేల్చాలని అర్థం. రిపోర్టు మొత్తంలో టైముంటే అన్నీ చదవండి, లేకపోతే చివరనున్న 'ఇంప్రెషన్' చదవండి.

ఇప్పుడొక వాక్యం

ఉదాహరణకు డిశ్చార్జ్ సమ్మరీలో ఇలా ఉందనుకోండి: 'కె/సి/ఒ టీ2డీఎం, హెచ్‌టీఎన్, సీఏడీ, ఎస్/పీ పీటీసీఏ టు ఎల్ఏడీ. అక్యూట్ లెఫ్ట్ ఎంసీఏ ఇన్‌ఫార్క్ట్ విత్ రైట్ హెమిపెరెసిస్ అండ్ డిస్‌ఫేజియా. ఏఎఫ్. ఈఎఫ్ 45%. నో హెమరేజ్.'

విడదీద్దాం. షుగర్, బీపీ, గుండె నాళాల జబ్బు ముందు నుంచీ ఉన్నాయి. గుండె ముందుభాగపు ముఖ్యనాళానికి ఇదివరకే యాంజియోప్లాస్టీ జరిగింది. ఇప్పుడు కొత్తగా మెదడు ఎడమవైపు మధ్యనాళం పరిధిలో కొంత భాగం రక్తం అందక చచ్చిపోయింది. దానివల్ల కుడి కాలు, చెయ్యి బలహీనపడ్డాయి. ఎడమకు దెబ్బ తగిలితే కుడి పడిపోవడం ప్రింటింగ్ తప్పు కాదు, మెదడు ఒక సగం శరీరంలో అవతలి సగాన్ని నడుపుతుంది. మింగడం కష్టంగా ఉంది. గుండె లయ తప్పింది, పంపింగ్ కొద్దిగా తగ్గింది. రక్తస్రావం లేదు.

అర్థమయ్యాక అడగాల్సినవి వాటంతటవే తయారవుతాయి. గడ్డ గుండెలోంచే వెళ్లిందా? రక్తం పలచబరిచే మందు ఏ రోజు నుంచి? పాత స్టెంట్ మందు కూడా దాంతోపాటే వేసుకోవాలా, ఆపాలా? మింగడం పరీక్షించేదాకా ఆహారం ముక్కు గొట్టంలోనేనా? ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు చేతికివ్వండి.